షోకేసెక్కిన అనాసపండు పువ్వు

నేను ఒక అనాసపండు ముక్కను. చూసినవాళ్ళు పువ్వనుకుంటారు. అందులో నా తప్పేమీ లేదు, సన్యాసమ్మ పనితనం అలాంటిది.

పాడేరు కొండ మీద పండి, సంతలో అమ్ముడుపోయి, అనకాపల్లిలో నూకరాజు బేకరీకి చేరాను. అక్కడ పనిచేసే సన్యాసమ్మ నా తోలు చెక్కి, కళ్ళు తవ్వి, అవతలి మనిషి కనిపించేంత పల్చగా కోసింది. గుడ్డతో తడి అద్ది ఓవెన్లో పెట్టింది. మంట కాదు, సన్న సెగ. చావనివ్వదు, బతకనివ్వదు. ఎండాక వేడి ఆరకముందే చిన్న గిన్నెలో కూర్చోబెట్టి నొక్కింది. కళ్ళు తవ్విన చోట్లన్నీ రేకులై పైకి లేచాయి. కళ్ళు పోతే అందం వచ్చింది నా ఒక్కదానికే అయ్యుంటుంది.

ఆ అందమే కొంప ముంచింది. కేకంతా నాకేసిన జనం నాలాంటి పువ్వుల్ని మాత్రం ప్లాస్టిక్ అనుకుని పక్కన పెట్టేవారు.

“సన్యాసమ్మా, నీ పువ్వులు ఎవులూ తినట్నేదు,” అన్నాడు నూకరాజు, నన్ను కూర్చోబెట్టిన పుట్టినరోజు కేకు చూపిస్తూ. “ఈ కేకుతో ఆఖరు. దీన్ని కొన్నవాళ్ళూ తినకపోతే రేపట్నుంచి ఆ డబ్బాలో ఉన్న ప్లాస్టిక్ పువ్వులే పెడతాను. నువ్వు మళ్ళీ ట్రేలు తోముకోడమే.”

సన్యాసమ్మ మొహం నాకంటే ఎండిపోయింది.

మనవడి పుట్టినరోజని వరహాలమ్మ ఆ కేకు పట్టుకెళ్ళడానికి వచ్చింది.

“అమ్మా, ఆ పువ్వు తినీదే. అనాసపండు,” అంది సన్యాసమ్మ.

“ఊరుకోవే! నానెర్రిదాన్నేటి? పోయినేడు మీ కేకు మీద చెర్రీ అనుకుని కొరికితే ప్లాస్టిక్కది. ఈ పక్క పన్ను ఇప్పటికీ ఊగతంది.”

నూకరాజుకి ఉన్నట్టుండి కౌంటరు కింద ఏదో వెతుక్కునే పని గుర్తొచ్చింది.

ఇంట్లో మనవడు కొవ్వొత్తి ఆర్పగానే వరహాలమ్మ నన్ను పైకెత్తేసింది. “పువ్వు ముట్టకండ్రా, దాచుకోడానికి!” అని కుళాయి కింద పెట్టి క్రీము కడిగింది. అంత సేపు ఎండబెట్టిన సన్యాసమ్మ చూసుంటే అక్కడే కూలబడేది. తర్వాత ఫ్యాను గాలి. తర్వాత షోకేసు. పింగాణీ చిలకకీ, కొడుకు పెళ్ళి కేకు మీది ప్లాస్టిక్ జంటకీ నడుమ నా సింహాసనం. వచ్చినవాళ్ళంతా “అచ్చం నిజం పువ్వులాగే ఉందే!” అని మెచ్చుకున్నారు. నోట్లో పెట్టుకోవలసినదాన్ని అద్దాల వెనక పెట్టి దాన్నే గౌరవం అనుకునే జాతి మనుషులది.

చీమలు మాత్రం షోకేసు చూడ్డానికి రాలేదు. తినడానికే వచ్చాయి.

తెల్లారేసరికి వరహాలమ్మ నన్ను చీమలతో సహా స్టీలు పళ్ళెంలో పెట్టుకుని బేకరీలోకి దూసుకొచ్చింది.

“ఏం బాబూ నూకరాజు! నకిలీ ప్లాస్టిక్ అమ్ముతన్నావేటి? అసలైన ప్లాస్టిక్కికి చీమలు పడతాయా? మా పెళ్ళి బొమ్మలికి ఇన్నేళ్ళలో ఒక్క చీమ పట్టనేదు!”

“కోప్పడకమ్మా, మార్చిచ్చేస్తాను. గట్టి ప్లాస్టిక్కే ఇస్తాను,” అంటూ నూకరాజు అలవాటు కొద్దీ డబ్బాలో చెయ్యి పెట్టాడు.

సన్యాసమ్మ ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. ఆవిడ గొంతు అంత పైకి లేవగలదని నాకూ తెలీదు.

“చీమలికున్న నమ్మకం మీకు నేదేటమ్మా?”

చీమల్ని ఊదేసి, నా రేకు ఒకటి తుంచి తన నోట్లో వేసుకుంది. ఇంకోటి తుంచి వరహాలమ్మ నోటి దగ్గర పెట్టింది. వరహాలమ్మ అటూ ఇటూ చూసి, ఊగే పంటికి తగలకుండా రెండో పక్కకి తోసుకుని, భయంభయంగా నమిలింది. డబ్బాలో నూకరాజు చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“అనాసపండే!” అంది వరహాలమ్మ. “మరి నిన్ననే చెప్పొచ్చు కదే!”

సన్యాసమ్మ నూకరాజు వైపు చూసింది.

“సాయంత్రానికి ఓ పళ్ళెం నిండా ఇవే కావాలి. కేకు నేకపోయినా పర్నేదు,” అంది వరహాలమ్మ.

నూకరాజు చెయ్యి బయటికి తీసి, డబ్బా మూత పెట్టి, కాలితో మూలకి తోశాడు. “సన్యాసమ్మా, ఇంకో అనాసపండు కొయ్యి,” అన్నాడు, ఆవిడ మొహం చూడకుండా.

ఆ డబ్బాలోని పువ్వులు నాకంటే చాలా ఏళ్ళుంటాయి. తమ కథ రాసుకునేందుకు కావలసినంత తీరిక. వాటికేం జరిగిందని రాస్తాయి? నా కథ మాత్రం ఇక్కడితో సరి. మిగిలిన నన్ను మొత్తంగా వరహాలమ్మ నోట్లో వేసుకుంది. రెండో పక్కనే. ఆ పక్క పళ్ళు ఊగడం లేదు.