ఒళ్లో దీపం

కనకం మొక్కుకున్నది చలికాలంలో, తీర్చుకోబోయింది ఎండాకాలంలో. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ చలికాలంలో ఆమె భర్త సన్యాసిరావు కంచం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె పట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు. రైలింజన్లు నడిపి రిటైరైన మనిషి, జలుబుకి కూడా మాత్ర వేసుకోనివాడు. ఆసుపత్రి వరండాలో కనకం చెంగు పరిచి మొక్కింది. మనిషి నడిచి ఇంటికొస్తే చైత్ర నవరాత్రుల్లో బెల్తరా ఊరి అవతలి అమ్మవారి గుడిలో దీపం వెలిగించి, దారిలో కొండెక్కనీయకుండా తెచ్చి ఇంట్లో నిలుపుకుంటానంది. అక్కడి పల్లెల వాళ్లు అలా జ్యోతి పట్టుకుని కాలినడకన పోతుంటారు. చూసి చూసి, తాతల నాడు శ్రీకాకుళం నుంచి బిలాస్‌పూర్ రైల్వేకి వచ్చి ఉండిపోయిన తెలుగిళ్లకూ ఆ అలవాటు అంటుకుంది. సన్యాసిరావు నడిచే ఇంటికొచ్చాడు. ఇక మాట నిలుపుకోవాలి.

నడిచి తేవడం ఎవరివల్లా కాదు గనక కొడుకు రాజేంద్ర పికప్పులో వెళ్లారు. టెంటు సామాను తిప్పడానికి కొన్న పాత బండి. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు పట్టే కేబిను, దాని వెనక ఖాళీ తొట్టి. ఏసీ బండి అని రాజేంద్ర గొప్పగా చెప్పుకుంటాడు గానీ, అది పరుగెత్తుతున్నంతసేపే చల్లగా ఊదుతుంది. ఆగిందంటే పొయ్యి ముందు విసనకర్ర ఊపినట్టే. ముందు జాలీ వెనకున్న ఫ్యాను తిరగడం లేదనీ, మార్చాలనీ దయాల్‌బంద్ పేటలోని మెకానిక్కు ఎప్పుడో చెప్పాడు. పెళ్లిళ్ల సీజను పోనిమ్మని రాజేంద్ర వాయిదా వేశాడు.

ఇంట్లో మూలపడి ఉన్న పాత రైల్వే లాంతరు తీసుకెళ్దాం, గాజు ఉంటుంది, గాలికి భయం ఉండదని సన్యాసిరావు ముందే అన్నాడు.

"అమ్మోరేటి గూడ్సు బండా, లాంతరు సూపించి తోలుకు రాడానికి?" అని కనకం కొట్టిపారేసింది.

మట్టికుండ, అందులో ఇత్తడి ప్రమిద, నువ్వులనూనె, చేత్తో చేసిన వత్తి. అదీ పద్ధతి. కనకానికి చేతులు వణుకుతాయి గనక కుండ కోడలు భానుప్రియ ఒళ్లోకి వచ్చింది.

భానుప్రియ పలాస దగ్గరి పల్లెటూరి పిల్ల. మాట తక్కువ. మామగారు కూలబడ్డనాడు ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కతే. వీధిలోకి పరుగెత్తి, వచ్చీరాని హిందీలో కేకలేసి, ఆటో ఆపి ఆయన్ని ఎక్కించింది. ఆ సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు. కోడలు కాపరానికొచ్చిన ఏడాదే ఇలా అయిందని మాత్రం చుట్టాలందరూ చెప్పుకున్నారు. అందుకే ఇప్పుడు ఆమె రెండు చేతులతో కుండని పొదివి పట్టుకుంది. ఇది గనక కొండెక్కితే ఆ మాటకి ఇంకో మాట తోడవుతుందని ఆమెకు తెలుసు.

గుడిలో దీపం వెలిగించి బండెక్కగానే కనకం కట్టుబాట్లు పెట్టింది. అద్దాలన్నీ పైదాకా ఎత్తాలి. ఏసీ అడుగు గీత మీదే ఉండాలి. మధ్యలోని గాలి రెక్కలు మూసెయ్యాలి, పక్కవి కాళ్లవైపు తిప్పాలి. రాజేంద్ర అన్నీ చేశాడు. బండి కదిలాక కాస్త నయంగానే ఉంది. నూనె వాసన, వత్తి పొగ, నలుగురి ఊపిరి కలిసి కేబినులో దేవుడి గదంత ఉక్కపోసింది, అంతే. సన్యాసిరావు ముందు సీట్లో కూర్చుని, ఇంజను కేబినులో తాను పడ్డ వేడి ముందు ఇదెంత అని కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

ఊరు ఇంకా రాకముందే రైలు గేటు పడింది.

ఒక బొగ్గు బండి పోయింది. గేటు లేవలేదు. ఎదురు లైను మీద ఇంకోటి వచ్చి, సగం దూరం వచ్చి ఆగిపోయింది. రోడ్డు మీద లారీలు పేరుకున్నాయి. పికప్పుకి ముందొక లారీ, వెనకొకటి, ఎడమవైపు మనిషెత్తు చక్రాల ట్రైలరు ఒకటి. ఆ వైపు తలుపు జానెడు తెరుచుకుంటే చక్రానికి తగులుతుంది. కుడివైపు సందులోంచి మోటారుసైకిళ్లు దూరి గేటు దాకా పోతున్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండ ముందద్దం మీద పడి నిలబడింది.

ఏసీ వేడిగాలి ఊదడం మొదలుపెట్టింది. కాసేపటికి ఇంజను వేడి ముల్లు పైకి పాకుతోందని రాజేంద్ర ఏసీ కూడా కట్టేశాడు.

"అమ్మా, థోడా అద్దం దించుతానే. రెండు వేళ్లు," అన్నాడు.

"దీపం," అంది కనకం.

ఆ తర్వాత తల్లీకొడుకుల మధ్య మాట పెరిగింది. నవరాత్రులు పోయాక వద్దామంటే విన్లేదని కొడుకు, ఫ్యాను బాగుచేయించమంటే విన్లేదని తల్లి. భానుప్రియ చెమట కనుబొమ్మల మీదుగా కళ్లలోకి దిగుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కుండ అడుగు తొడలకు వెచ్చగా, ఆ తర్వాత వేడిగా తగులుతోంది. దిగిపోదామంటే ఒక పక్క ట్రైలరు, ఇంకో పక్క మోటారుసైకిళ్లు, కదులుదామంటే ఒళ్లో దీపం. తనని ఈ సీటుకి ఎవరో తాళ్లతో కట్టేసినట్టు అనిపించిందామెకు.

మామగారి కబుర్లు ఆగిపోయాయని అప్పుడు గమనించింది.

వెనకనుంచి ఆయన మెడ కనిపిస్తోంది. ఇందాకటిదాకా కారిపోతున్న చెమట ఇప్పుడు లేదు. మెడ ఎర్రగా, పొడిగా ఉంది. చేతిలోని తువ్వాలు కిందపడినా తీసుకోలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఆమె ముందుకి వంగి చెవి పెట్టింది.

"డిస్టంటు పసుపు," అంటున్నాడు సన్యాసిరావు. "హోము... హోము ఎరుపు."

డిస్టంటు, హోము అంటే స్టేషను ముందు వచ్చే సిగ్నళ్లు. కనిపించిన ప్రతి సిగ్నలునీ డ్రైవరు పైకి చెప్పాలి, పక్కవాడు తిరిగి చెప్పాలి. అది ఆయన డ్యూటీ రోజుల అలవాటని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఇప్పుడు ఆయన కళ్ల ముందున్నది లారీ వెనక పలక ఒక్కటే.

"మావయ్యా," అని పిలిచింది. పలకలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచింది.

"హోము ఎరుపు," అన్నాడాయన మళ్లీ, బదులు రాలేదని విసుక్కుంటున్నట్టు.

"ఏవండీ, అద్దాలు దించండి. మావయ్యకి బాగోలేదు."

రాజేంద్ర తండ్రివైపు తిరిగి చూశాడు. వేలు మీట మీదికి వెళ్లింది. వెళ్లి అక్కడే ఆగింది. వెనక్కి చూసే అద్దంలో తల్లిని చూశాడు. కనకం ముఖం పాలిపోయి ఉంది. ఆమె దించమనలేదు, వద్దనలేదు. ఆ దీపం ఉన్నంతవరకే ఈ మనిషి ఉంటాడని చలికాలం నుంచీ నమ్ముతూ వచ్చిన మనిషి ఆమె. ఆ నమ్మకాన్ని తన నోటితో ఆర్పమంటే ఆమె వల్ల కాలేదు.

"ఒక్క నిమిషం ఆగరా. గేటు లేస్తాది," అంది చివరికి.

గేటు లేవదు. భానుప్రియకు అది తెలుసు. ఈ దీపం వెలుగుతున్నంతసేపూ ఈ ముగ్గురిలో ఎవరి చెయ్యీ లేవదని కూడా తెలుసు. ఆమె కుండలోకి చెయ్యి పెట్టి, వెలుగుతున్న వత్తిని చూపుడువేలితో నూనెలోకి లాగేసింది. చుయ్యిమంది, సన్నని పొగ లేచింది.

"ఏటి సేసేవే?"

"కొండెక్కించాను అత్తమ్మా. ఇంక దించొచ్చు."

నాలుగు అద్దాలూ ఒక్కసారే దిగాయి. లోపలికొచ్చింది బొగ్గుపొడి కలిసిన వడగాలే, అయినా గాలి. భానుప్రియ కుండని అత్తగారి ఒళ్లో పెట్టి, కుడి తలుపులోంచి దిగి, బండి ముందునుంచి చుట్టూ తిరిగి, ట్రైలరు చక్రానికీ తలుపుకీ మధ్య పక్కకి దూరింది. తాగే సీసాలో ఉన్న నీళ్లన్నీ మామగారి తల మీదా మెడ మీదా పోసింది. పైనుంచి ట్రైలరు డ్రైవరు చూసి ఏమీ అడగకుండా తన నీళ్ల డబ్బా కిందికి దించాడు. ఆమె తడి తువ్వాలు ఆయన మెడకు చుట్టి, కిటికీ బయటే నిలబడి చెంగుతో విసురుతూ ఉంది. గేటు లేచేసరికి సన్యాసిరావు నీళ్లు మింగుతున్నాడు.

తిన్నగా నెహ్రూ నగర్ ఆసుపత్రికి పోయారు. డాక్టరు సెలైను పెట్టి, గుండె జబ్బు మనిషిని అద్దాలు మూసిన బండిలో కూర్చోబెట్టిందెవరని అడిగాడు. కనకం భర్త కాళ్ల దగ్గర కూర్చుని, ఆరిపోయిన కుండని ఒళ్లోంచి దించకుండా, కోడలివైపు చూడకుండా గడిపింది. తనని ఏమైనా అంటే బావుండునని భానుప్రియ అనుకుంది. తిట్టు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఈ మౌనం ఎంత దూరం పోతుందో తెలియదు.

ఎండ వాలాక ఇంటికి తీసుకెళ్లమన్నారు. బండి దగ్గరికొచ్చేసరికి ఫోను మోగింది. హారతి పళ్లెంతో వీధి ఆడవాళ్లందరూ ఎదురుచూస్తున్నారట.

"వస్తన్నామమ్మా. అమ్మోరు మాతోనే ఉంది," అని కనకం ఫోను పెట్టేసి, కొడుకు ముందు చెయ్యి చాపింది. "నీ జేబులో సిగరెట్లు ముట్టించుకునే లైటరుంటాది. తియ్యి."

రాజేంద్ర తీసి ఇచ్చాడు. వత్తి వెలిగింది. కనకం కుండని కోడలి ఒళ్లో పెట్టింది. రాజేంద్ర వేలు అలవాటుగా అద్దాల మీట మీదికి పోయింది.

"దించే ఉంచు," అంది కనకం. "ఆరితే మళ్లీ ముట్టిద్దాం."

దారిలో అది ఆరింది. ముట్టించారు. మళ్లీ ఆరింది. ముందు సీట్లో సన్యాసిరావు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. వీధి మలుపులో బండి ఆపి, చివరిసారి వెలిగించి, కనకం లైటరు బొడ్లో దోపుకుంది.

ఆడవాళ్లు ఎదురొచ్చి హారతి ఇచ్చారు. ఒక ముసలమ్మ భానుప్రియ చేతులు రెండూ కళ్లకద్దుకుని, ఈ ఎండలో ఇంత దూరం జ్యోతిని నిలబెట్టావంటే నీది చల్లని చెయ్యి తల్లీ అంది. భానుప్రియ అత్తగారివైపు చూసింది. కనకం భర్త నడుం చుట్టూ చెయ్యి వేసి మెల్లగా బండి దింపుతోంది.

"అవునమ్మా. నా కోడలు సేతిలో ఉండబట్టే," అంది, తలెత్తకుండా.

ఇంక ఆ మాటని కాదనడానికి లేదు. చేతి చలవ గల మనిషే చూసుకోవాలని, నవరాత్రులు అయ్యేదాకా దీపం దగ్గర కోడల్నే కూర్చోబెట్టమని ముసలమ్మ తీర్పు చెప్పింది. ఆమెను పీట మీద కూర్చోబెట్టి, దేవుడి గది కిటికీ మూసి, ఫ్యాను కట్టేసి, అందరూ దణ్ణాలు పెట్టుకుని వెళ్లిపోయారు. గుమ్మంలోంచి అవతలి గది కనిపిస్తోంది. కూలరు గాలికి మామగారి దుప్పటి అంచు రెపరెపలాడుతోంది, దాని కింద ఛాతీ లేస్తోంది, దిగుతోంది. భానుప్రియ అది చూస్తూ ప్రమిదలోకి నూనె వంచింది.