వాకిట్లోకి దిగిన మసీదు గోడ

సాలమ్మకు అక్షరాలు వచ్చింది అరవై దాటాకే గానీ, గొప్పలు మాత్రం పుట్టుకతోనే వచ్చాయి. భర్త పోయాక రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది మొదలు, ఆమె బిగ్గరగా చదవకుండా వదిలిన బోర్డు తార్నాకలో లేదు.

మనవరాలు భూమిక చదివే యూనివర్సిటీలో మసీదు గోడల ఫొటోలు పెట్టారంటే తానూ వెళ్లింది. ప్రతి ఫొటో కింద రాసినదాన్ని హాలంతా వినపడేలా చదివింది. ఒక్కదాని కింద మాత్రం చాలా పొడుగ్గా రాశారు. "గిది నాకెరుకే" అని ముందుకు నడిచింది. ఎరుకైంది రాత కాదు, బొమ్మ. నీలి పలకల మీద తెల్లటి నిలువు గీతలు, అడ్డగీతలు, మూలమూలనా మలుపులు. అచ్చం చుక్కల ముగ్గే.

మర్నాడు పొద్దున్నే బియ్యప్పిండితో దాన్ని వాకిట్లో దించేసింది. వచ్చేపోయేవాళ్లు మెచ్చుకుంటుంటే వినడానికి గేటు పక్కన కుర్చీ కూడా వేసుకుంది.

మొదట ఆగింది భూమికే.

"అమ్మమ్మా, ఏందిది? గాడ కింద రాసింది సదవలేదా?"

"అంతా సదివిన."

"గది ముగ్గు కాదే. అల్లా పేరు. నాలుగు దిక్కులకెల్లి రాసిండ్రు. ఎటు నిలబడ్డా దేవుడు ముంగటే ఉన్నట్టు."

సాలమ్మ కుర్చీలోంచి దిగ్గున లేచింది. ఇంత చదువుకున్న మనిషి దేవుడి పేరు తెచ్చి కాళ్ల కింద పరిచింది! ఎదురింటి నుస్రత్ ఆపా చూస్తే? జ్వరమొస్తే గంజి తెచ్చేది ఆమె. భర్త పోయిన ఏడాది పక్కన కూర్చుని అన్నం తినిపించింది ఆమె. ఆ మనిషి మనసు విరిగితే ఇక తను మాట్లాడుకునేది ఎవరితో?

చీపురు పట్టుకుంది. పేరును ఊడుస్తారా ఎవరైనా అని పారేసింది. బకెట్ ఎత్తింది. నీళ్లు పోయేది మురికి మోరీలోకని దించేసింది. చివరికి చేతులు బార్లా చాపి ముగ్గుకు అడ్డంగా నిలబడింది.

"ఏమైంది పెద్దమ్మా, పామా?" అన్నాడు పాలవాడు.

"పామైతే నిన్ను తొక్కనిద్దును. గటు పో!"

అంతలో ఎదురింటి తలుపు తెరుచుకుంది. భూమిక ఏదో సర్దిచెప్పబోయింది గానీ సాలమ్మ ఆగలేదు.

"ఆపా, మీ దేవుని పేరు తెల్వక నేల మీద ఏసిన. ముగ్గనుకున్న. పెద్ద సదువుకున్నదాన్ని గద!"

నుస్రత్ ముఖం బిగుసుకుంది. చెప్పులు విడిచి, ముగ్గు పక్కన కూర్చుంది.

"ముందుగాల నన్నడిగితే ఏం పోయేది, సాలమ్మా?"

"అడిగితే నాకు తెల్వదని తెలుస్తది గద, ఆపా."

నుస్రత్ పెదవి కొసన ఏదో కదిలింది. "చీపురు ముట్టకు. చేతులతోని ఎత్తు."

ఇద్దరూ అరచేతులతో పిండిని దగ్గరికి తీసి, మల్లె కుండీలో పోసి నీళ్లు చల్లారు.

"రేపు తీగలు, పూలు ఏసుకో" అంది నుస్రత్. "మసీదు గోడల మీద గవి సుత ఉంటయి. జన్నత్ తోట అన్నట్టు, మీ స్వర్గం లెక్క."

సాలమ్మ ఉలిక్కిపడింది. "జన్నతా? మరి దాన్ని తొక్కొచ్చా?"

నుస్రత్ పగలబడి నవ్వింది.

"అరె పిచ్చిదానా, జన్నత్‌కు పోయేదే గాడ నడవనీకి గదా!"