హెల్మెట్ల దొంగలు

రాళ్ల లోడుతో లారీ క్వారీ కొండ కిందే ఉంది. పైనుంచి దొర్లిన రాయికి లాజరు తల పగిలి రాళ్ల మధ్య పడి ఉన్నాడు.

"లోడు దించేసి లాజరన్నని బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్దామండీ!" అని అరిచాడు డ్రిల్లు కొట్టే బాబ్జాన్.

"దించితే మళ్లీ ఎవడెక్కిస్తాడు? అక్కడ కాలవగట్టు పని ఆగిపోద్ది" అన్నాడు మేనేజరు వెంకటకృష్ణారావు. చెయ్యి ఊపాడు. లారీ కదిలిపోయింది.

మగవాళ్లు లాజరును నులకమంచం మీద మోసుకుని మైలవరం దారి పట్టారు. మంచం పక్కనే పరిగెత్తిన దానమ్మ సగం దారిలో కూలబడింది. ఆమె పట్టుకున్న మొగుడి చెయ్యి చల్లబడిపోయింది.

మా క్వారీలో హెల్మెట్లు లేవనుకునేరు. ఉన్నాయి. స్టోరుగదిలో, తాళం వెనక! చట్టం అడుగుతుందని కంపెనీ కొన్నది. మా తలలకంటే అవే విలువైనవని దాచిపెట్టింది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చావు జరిగింది కాబట్టి తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. మేనేజరు మమ్మల్ని పిలిచాడు.

"రేపు మగాళ్లకి టోపీలిస్తాం. ఆఫీసరుగారు వెళ్లగానే తిరిగిచ్చెయ్యాలి. లాజరు సంగతి అడిగితే, ఉక్కపోస్తందని టోపీ తీసేశాడని చెప్పండి."

"మరి మాకో?" అన్నాను నేను.

"ఆడాళ్లకి తలమీద గుడ్డ చుట్టకుదుళ్లున్నాయిగా, చాల్లే!"

ఆ సాయంత్రం అందరం దానమ్మ గుడిసె ముందు చేరాం.

"ఆ టోపీలు ముట్టుకోవద్దు. పెట్టుకుంటే వాడి అబద్ధానికి మనమే సాక్ష్యం" అన్నాడు బాబ్జాన్.

"పెట్టుకోకపోతే పనిలోంచి తీసేస్తాడు. పిల్లలకి మట్టి పెట్టమంటావా?" అని లేచింది శౌరమ్మ.

మాటా మాటా పెరిగింది. అప్పటిదాకా బీడీ కాలుస్తూ కూచున్న మదార్ సాహెబ్, మా అందరిలో పెద్దవాడు, గొంతు సవరించుకున్నాడు.

"పెట్టుకుందాం. పెట్టుకున్నాక తియ్యొద్దు. ఎవరడిగినా సరే."

"మీ తలల సంగతి సరే. మా ఆయన తన తప్పు వల్లే చచ్చాడని రాసుకుపోనిస్తారా?" అంది దానమ్మ.

మదార్ సాహెబ్ బీడీ ఆర్పేసి ఆమె వైపు తిరిగాడు.

"రాయనివ్వం తల్లీ. రేపు నిజం చెప్పడం నువ్వు మొదలుపెట్టు. నీ వెనక అందరం ఉంటాం."

మర్నాడు మగవాళ్లంతా టోపీలు పెట్టుకున్నాక ఆఫీసరు వచ్చాడు. మేనేజరు మాకు నేర్పిన పాఠాన్ని తనే అప్పజెప్పాడు: "ఉక్కపోస్తోందని టోపీ తీసేశాడు సార్."

రాళ్లతట్ట కింద పడేసి దానమ్మ ముందుకొచ్చింది.

"మా ఆయనకి టోపీ ఇయ్యలేదండీ."

"ఇయ్యలేదండీ" అన్నాడు మదార్ సాహెబ్.

"ఎవరికీ ఇయ్యలేదండీ! ఇవి ఇవాళ పొద్దున్నిచ్చారు!" అని కొండంతా అరిచింది. నేనూ అరిచాను. ఆఫీసరు మా మొహాలు చూశాడు, ఏదో రాసుకున్నాడు, జీపెక్కి వెళ్లిపోయాడు. ఏం రాశాడో మాకు తెలియదు.

జీపు రేపిన దుమ్ము అణగకముందే మేనేజరు గోనెసంచులు తెప్పించాడు.

"టోపీలు ఇందులో పడెయ్యండి."

ఒక్క చెయ్యీ తలమీదికి పోలేదు.

"కంపెనీ సొత్తురా అది! దొంగతనం కింద లోపలేయిస్తా!"

"టోపీ మీదేనండీ. రాయి పడే తల మాది" అన్నాడు మదార్ సాహెబ్.

పోలీసు వ్యాను వచ్చింది. హెల్మెట్లు లాక్కుని, మగవాళ్లందరినీ ఎక్కించారు. మదార్ సాహెబ్ నుదుటి మీద లాఠీ దెబ్బకి రక్తం కారుతోంది. మనుషుల్ని కాపాడ్డానికి కొన్న హెల్మెట్ల కోసం మనిషి తల పగలగొట్టారు, చూశారా!

ఇక ఆడవాళ్లేం చేస్తారులే అనుకున్నాడు మేనేజరు. తెల్లారి వచ్చేసరికి మేమంతా లారీకి అడ్డంగా కూచున్నాం. రాళ్లు మోసే ఇనపతట్టలు మా తలల మీద బోర్లించి ఉన్నాయి.

"తట్టలు దించి లోడెత్తండి!"

"ఇవే మా టోపీలండీ. మావాళ్లనీ, వాళ్ల టోపీల్నీ తీసుకురండి. మాకూ ఇవ్వండి. అప్పుడు దించుతాం" అంది దానమ్మ.

డ్రైవరు ఇంజను ఆపేసి కిందికి దిగాడు. లాజరు కోసం ఖాళీ చెయ్యని ఆ లారీ, ఆవేళంతా ఖాళీగానే నిలబడింది.