ఆదివారం హాజరు

పెన్సిలు చెక్కుకుని హేజల్ ఆష్‌వర్త్ తర్వాతి బడి కాగితాలు ముందుకు లాక్కుంది. ఇంగ్లండులో ఏ పిల్లల్ని ముందు చేర్చుకోవాలో చర్చి బళ్ళూ, సొంతంగా నడిచే అకాడెమీ బళ్ళూ వేటి నిబంధనలు అవే రాసుకుంటాయి. అవి చట్టానికి లోబడి ఉన్నాయో లేదో స్థానిక కౌన్సిల్ తరఫున చూడటం ఆమె పని. పెళ్ళయిన ఏడాదే ఈ ఉద్యోగంలో చేరింది. పెళ్ళి ఎన్నాళ్ళో నిలవలేదు, ఉద్యోగం నిలిచింది. పొడుగాటి మనిషి, వంగిన భుజాలు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు. వానకు తడిసిన చేతి తొడుగులు పక్కన హీటరు మీద ఆరుతున్నాయి.

ఈసారి వచ్చింది తన చర్చి బడే. ఏడాదిగా ప్రతి ఆదివారం ఆరాధనకు వచ్చిన కుటుంబాలకు మొదటి ప్రాధాన్యం అని ఉన్నచోట ఎప్పటిలాగే టిక్కు పెట్టింది. దానికి చట్టం ఒప్పుకుంటుంది. కింద వాక్యం కొత్తది. చర్చిలో పూలు అమర్చడం, ఊడవడం లాంటి సేవ చేసేవాళ్ళకు అదనపు ప్రాధాన్యమట. ఇది చెల్లదు. అయినా కొట్టెయ్యబోయిన చెయ్యి ఆగింది.

ఎందుకంటే చర్చిలో శనివారం పూలు హేజల్‌వి. చిన్నప్పుడు అమ్మ పక్కన నిలబడి కాడలు కత్తిరించిన నాటినుంచీ ఆమెవే. ఆకులు రాలే కాలంలో చిన్నపిల్లల తల్లులకు ఉన్నట్టుండి భక్తి ముంచుకొచ్చింది. చంకలో పిల్ల, చేతిలో లిల్లీలు. ఇక మీరు విశ్రాంతి తీసుకోండి అంటూ ఎంతో మర్యాదగా ఆమెను పూలకుండీల దగ్గర్నుంచి పక్కకు జరిపేశారు. బళ్ళో సీటు దొరికి ఏరు దాటేదాకా అందరూ భక్తులే మరి. ఇప్పుడీ వాక్యం కొట్టేస్తే, కుండీల కోసమే కొట్టేసిందంటారు.

చర్చి పాస్టరుకు ఫోన్ చేసింది. ఆయన మెతక మనిషి, ఎవరి మాటా కాదనలేడు. ఆ తల్లుల మాటా కాదనలేకపోయానని ఒప్పుకున్నాడు.

"పూల సంగతి మనసులో పెట్టుకుని చేశావని నలుగురూ అనుకుంటారు, హేజల్."

"పెట్టుకున్నాను అయ్యగారూ. కోపంగానే ఉంది. అయినా ఆ వాక్యం తియ్యాలి."

ఆయన నిట్టూర్చి సరేనన్నాడు. ఆదివారం హాజరు నిబంధన ఉంచుకోవచ్చా అని అడిగాడు. అందులో తప్పేముందండీ అంది హేజల్.

సాయంత్రం ఇల్లు చేరేసరికి జిన్సీ, హేజల్ వాళ్ళమ్మ ఎడిత్ పాదాలకు క్రీము రాస్తోంది. కొట్టాయం పిల్ల. హేజల్ ఆఫీసులో ఉన్నంతసేపూ, ఆదివారం పొద్దున చర్చి వేళకూ ముసలావిడను కనిపెట్టుకుని ఉండేది తనే. భర్త లారీ డ్రైవరు, శనాదివారాలు ఇంట్లో ఉండడు. మూడేళ్ళ అలీన తల్లి వెంటే వచ్చి బల్లకింద బొమ్మలు వేసుకుంటుంది. ఇవాళ వేసింది ఓ గేటు, ఎర్ర స్వెట్టర్ల పిల్లలు. వాళ్ళిల్లు ఆ చర్చి బడికి ఎదురుగానే.

"దీన్ని ఆ బళ్ళోనే వేస్తావా?" టీ పోస్తూ అడిగింది హేజల్.

జిన్సీ తలెత్తలేదు. "రోజూ కిటికీలోంచి వాళ్ళకి టాటా చెబుతుందండీ. కానీ ప్రతి ఆదివారం హాజరుండాలంట. నెలకోసారి మాంచెస్టర్‌లో మా మలయాళం చర్చికి వెళ్తాం, అది చాలదంట. ఇంకో బడికైతే రెండు బస్సులు మారాలి. పర్లేదులెండి."

ఆదివారం నీకేం అడ్డం అనబోయింది హేజల్. ఎడిత్‌కు మతి సగం పోయింది గానీ నోరు పోలేదు.

"నువ్వెళ్ళి దేవుణ్ణి చూసుకుంటుంటే నన్ను చూసుకునేది ఇదేగా. రెండుచోట్ల ఎలా ఉంటుందే?"

హేజల్ చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళూ ఆ వాక్యానికి టిక్కు పెట్టింది తను. ఆ టిక్కుకు బయట నిలబడ్డ మనిషి తన వంటింట్లోనే ఉంది. ముందు వచ్చింది జాలి కాదు, కోపం. ఆఫీసూ అమ్మా లేని చోటు ఆమెకు లోకంలో ఆ చర్చి ఒక్కటే. మూడో బెంచీ చివర నిలబడి, అందరూ రాగం పాడుతుంటే దానికి జతగా కింది స్వరం తను అందుకునేది. ఆ పాట అయ్యేవరకూ ఆమె ఎవరికీ కూతురు కాదు, ఏ బల్లకూ గుమాస్తా కాదు. ఆ ఆదివారం ఇవ్వబుద్ధి కాలేదు. కప్పులో టీ చల్లారిపోయింది.

"ఆదివారం బదులు శనివారం రా," అంది చివరికి. "బజారు పనులు అప్పుడు చూసుకుంటాను. శనివారం పూలు ఎలాగూ లేవు."

"మరి మీ చర్చో?"

"బడిలో వెయ్యడానికి నాకు పిల్లల్లేరుగా." గొంతు కాస్త పెళుసుగానే వచ్చింది. సర్దుకుని మళ్ళీ అంది. "మూడో బెంచీ చివర కూర్చో. కింద నీలం దిండు ఉంటుంది. మోకాళ్ళకు వేసుకో, ఆ రాతినేల మహా చలి."

ఆదివారం చర్చి గంట మోగేసరికి హేజల్ అమ్మకోసం గుడ్డు పెంకు తీస్తోంది. గంట ఆగేదాకా గుడ్డు చేతిలోనే ఉండిపోయింది. తర్వాత మెల్లగా పాట అందుకుంది. ఆమెకు వచ్చింది కింది స్వరమే. పైన రాగం లేకపోతే అది పాటలా లేదు.

"అదేం పాటే?" అంది ఎడిత్.

"సగం పాటమ్మా," అంది హేజల్. కళ్ళు తుడుచుకుని గుడ్డు మీద ఉప్పు చల్లింది.

చర్చి గుమ్మంలో జిన్సీ హాజరు పట్టీలో పేరు రాసింది. మూడో బెంచీలో చివరి చోటు వదిలేసి, పక్కన కూర్చుంది. దిండు బయటికి తీసింది గానీ దానిమీద మోకరించడానికి మనసొప్పలేదు, రాతి మీదే మోకరించి అలీనను దగ్గరికి లాక్కుంది. వదిలేసిన చోటు ముందు ఆ నీలం దిండు ఉంది, రంగు వెలిసి, రెండు మోకాళ్ళ మేర గుంటలు పడి.