తాయమ్మ తాగలేదు

ఒక పంట పట్టుగూళ్లు అమ్మేశాక, మళ్లీ పురుగులు తెచ్చేలోపల పురుగుల ఇంటిని కడిగి, రోగక్రిములు చచ్చేందుకు ఫార్మలిన్ మందు కొట్టడం సుగటూరులో అందరూ చేసే పనే. తాయమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆ పనే చేస్తూ, పంపు వదిలేసి రెండు చేతులా తల పట్టుకుంది.

"తల పగిలిపోతాంది మామా! మెడ తిప్పలేను" అంది మొగుడు సీనప్పతో. వాంతి చేసుకుని అక్కడే కూలబడింది.

సీనప్ప ఆమెను టెంపోలో టౌను ఆస్పత్రికి చేర్చాడు. డ్యూటీ డాక్టరు వంగి చీర వాసన చూశాడు. అంతే, మహానుభావుడికి రోగం తెలిసిపోయింది.

"ఫార్మలిన్ ఎంత తాగింది?"

"తాగలేదు సార్. తల పగిలిపోతాందన్నది, పడిపోయింది."

"ఇంత వాసన వస్తుంటే అబద్ధమెందుకు? ఇంట్లో ఏం గొడవ పడినారు?"

సీనప్ప పురుగుల ఇంటి సంగతంతా చెప్పాడు, కాళ్లు పట్టుకున్నాడు. పట్టు కట్టుకునే దొరలకు పట్టు ఎట్లా పుడుతుందో తెలిస్తే కదా! గొట్టం వేసి కడుపు కడిగారు. పొద్దున తిన్న రాగిముద్ద తప్ప ఏమీ రాలేదు. అయినా పోలీసులకు కబురు పెట్టారు. ఏనాడూ పెళ్లాం మీద చెయ్యెత్తని మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టి దొంగను అడిగినట్టు అడిగారు. తలలో నెత్తురు కారుతుంటే నాలుగు గంటలు కడుపు పట్టుకు వేలాడిన చదువును ఏమనాలి?

సాయంత్రానికి గాని బెంగళూరు పంపలేదు. అక్కడ డాక్టరమ్మ స్కాన్ చూసి చెప్పింది.

"చిన్నమెదడుకు పోయే సన్నని రక్తనాళం బుడగలా ఉబ్బి, తనంతట తానే పగిలిందప్పా. ఆ చోట ఉబ్బడం చాలా అరుదు. ఫార్మలిన్‌తో సంబంధం లేదు. ముందే వచ్చుంటే ఆపరేషన్ చేసి చూసేవాళ్లం. దారిలో రెండోసారి పగిలింది."

మరునాడు మధ్యాహ్నం తాయమ్మ పోయింది.

శవాన్ని ఇచ్చే ముందు టౌను నుంచి వచ్చిన హెడ్ కానిస్టేబులు ఒక కాగితం చాపాడు. పొరపాటున ఫార్మలిన్ తాగిందని అందులో ఉంది.

"సంతకం పెట్టి తీసుకుపో సీనప్పా. నీ మీద కేసుండదు. తాగిందని ముందు రాసింది మారిస్తే మా టౌను డాక్టరుకు ఇబ్బంది."

"పెట్టేయప్పా, ఇంగ దాన్ని ఇంటికి తీసుకుపోదాం" అని తాయమ్మ అక్క చిక్కమ్మ ఏడ్చింది.

సీనప్ప పెన్ను అందుకున్నాడు. ఒళ్లు మండిపోయింది. పెన్ను కింద పెట్టేశాడు.

"రేపు నా కూతురు, అమ్మ ఎట్ల పోయిందని అడిగితే ఈ కాగితం చూపించాల్నా? జరిగింది రాయండి సార్. నేను చెప్పినాను, మీరెవురూ వినలేదు. అది గూడా రాయండి."

రాసేదాకా కదలనని మార్చురీ మెట్ల మీద కూర్చున్నాడు.