అరువు పాపాలు

ఒకటే కొట్లాట. ఇద్దరి తలలకూ కుట్లు పడ్డాయి. ఇద్దరూ దోషులే అని ఒకే కోర్టు తేల్చింది. ఒకడు ఇంటికి పోయాడు, ఒకడు జైలుకు పోయాడు. ఎందుకో చెప్తాను.

బీదర్ జిల్లా హళ్ళిఖేడ్ దగ్గర నాగేశ్ వాళ్ల చెరుకు పొలం. కోసే గుంపులో లీయా, ఆమె మొగుడు నథానియేల్ ఉన్నారు. ఎండకు దూప ఆగక లీయా బోరు పైపుకు నోరు పెట్టింది. నాగేశ్ ఆ పైపును కాలితో తన్నాడు.

"మీ వాడల నల్లా లేదా? మా పైపుకు మూతి పెడ్తవా?"

నథానియేల్ అతని కాలర్ పట్టాడు. నాగేశ్ ట్రాక్టర్ మీది రాడ్డు తీశాడు, ఇతను చేతికందిన కట్టె తీశాడు. పోలీసులు ఇద్దరి మీదా కేసు రాశారు. పైపు సంగతి ఎవరూ రాయలేదు. కులం కింద కేసు పెట్టండని అడిగితే, మీరు క్రైస్తవులు, మీకు ఆ చట్టం లేదు పొమ్మన్నారు. ఏసును నమ్ముకుంటే చట్టంలో కులం పోతుందట. పైపు దగ్గర మాత్రం పోదు.

నథానియేల్ వకీలు అంబిక. ఇద్దరూ దోషులే అని తేల్చిన రోజు, శిక్ష ఇంకా వేయకముందు, ఆమె ధైర్యం చెప్పింది. "నీది మొదటి తప్పు. జైలుకు పంపకుండ ప్రొబేషన్ మీద ఇడుస్తరు. మంచిగ ఉంటనని బాండు రాసిస్తె సాలు, ఇంట్ల ఉండొచ్చు, పని చేస్కోవచ్చు. కాని ముందుగాల ప్రొబేషన్ ఆఫీసర్ వస్తడు. నువ్వెట్లాంటోనివో ఊర్ల అడిగి రిపోర్ట్ ఇస్తడు. ఆయన ముందు సక్కగ ఉండు."

ఆఫీసర్ పేరు శివానంద్. చెడ్డవాడు కాదు. లంచం అడగడు, గొంతు పెంచడు. ముందు నాగేశ్ ఇంటికి పోయాడు. సోఫాలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. ఊరి పెద్దలు ఇద్దరు వచ్చి పక్కన కూర్చున్నారు. "ఉడుకు రక్తం సార్, పోరగాడు," అన్నారు. ముప్పై దాటిన పోరగాడు!

నథానియేల్ ఇల్లు ఒక్కటే గది. సార్‌ను కూర్చోబెట్టడానికి చోటు లేదు. పాస్టర్ ఏసప్ప ఒక ఉపాయం చెప్పాడు. "ఆదివారం ఆరాధనకు పిల్వురి. సంఘమంత ఉంటది. నథానియేల్ సాక్ష్యం చెప్తడు. సార్ తన చెవులతోనే ఇంటడు."

వాళ్ల మందిరంలో పాస్టర్ బైబిలు వాక్యం చెప్పే ముందు ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెప్పడం వాడుక. ఒకప్పుడు నేను ఎంత చెడ్డవాణ్ణి, ప్రభువు నన్ను ఎట్లా మార్చాడు - ఇదీ సాక్ష్యం. లీయా మేనమామ జాషువా సాక్ష్యమంటే పేరు. బోరు మోటార్ల దొంగ, తాగుబోతు, పెళ్లాన్ని వీధిలో పడేసి కొట్టినవాడు. నిజంగానే చేశాడు, నిజంగానే మానుకున్నాడు. అతను చెప్తుంటే హుమ్నాబాద్ నుంచి వచ్చినవాళ్లు కూడా ఏడ్చారు.

నథానియేల్‌కు చెప్పుకోవడానికి ఏమీ లేదు. తాగలేదు, ఎవరిదీ ఎత్తుకపోలేదు. ఒకసారి లేచి, "నేను అబద్ధాలాడెటోణ్ణి" అని ఆగిపోయాడు. మందిరమంతా మిగతాదాని కోసం ఎదురు చూసింది. మిగతాది లేదు. పిల్లలు కిసుక్కున నవ్వారు.

శనివారం సాయంత్రం మందిరం వాకిట్లో నథానియేల్, లీయా, జాషువా, ఏసప్ప కూర్చున్నారు.

"ఏంది అల్లుడా, నీ సాక్ష్యం ఉప్పులేని పప్పు తీరుగుంటది," అన్నాడు జాషువా. "సార్ ముందు గట్లనే చెప్తవా? సంఘం ఇజ్జత్ పోతది."

"నేనేం జేయలే గదా మామా. ఏం చెప్పాలె?"

"నావి తీస్కపో. నాకాడ మస్తున్నయి!"

అందరూ నవ్వారు. ఏసప్ప నవ్వుతూనే అందుకున్నాడు. "మాట ఖరాబ్ ఏం లేదు. చీకటి ఎంతుంటె వెలుగు గంత కనవడ్తది. మారిన మనిషిని జూస్తె సార్ మనసు కరుగుతది."

లీయా నవ్వలేదు. "సారేమన్న దేవుడా అయ్యగారు, పాపాలు చెప్తె మాఫ్ జేయనీకె? గాయిన సర్కారు మనిషి. జరగంది ఎందుకు చెప్పాలె?"

"లీయమ్మా, నువ్వు నడుమ మాట్లాడకు," అన్నాడు ఏసప్ప.

ఆదివారం శివానంద్ చెప్పులు బయట విడిచి, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. బీదర్‌లో పుట్టి పెరిగిన కన్నడిగుడు, తెలుగు బాగానే అర్థమవుతుంది. నథానియేల్ లేచాడు.

"నేను మోటార్లు ఎత్తుకపోయెటోణ్ణి..."

"స్తోత్రం!" అంది మందిరం.

ఆ మాటతో అతనికి ఊపు వచ్చింది. జీవితంలో మొదటిసారి జనం అతని మాట వింటున్నారు. తాగుడు వచ్చింది. చేను గట్ల మీద పడి పొర్లడం వచ్చింది. "నా భార్యను సచ్చెటట్టు కొట్టిన! గీ చేతులతోనే కొట్టిన!" అని రెండు చేతులూ ఎత్తి చూపించాడు. ముసలమ్మలు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. ఒక్క దెబ్బ కూడా పడని లీయా తల వంచుకుని చాపలోని పుల్లలు పీకుతూ కూర్చుంది.

ఆరాధన అయ్యాక శివానంద్ ఆమెను బయటికి పిలిచాడు. పక్కనే ఏసప్ప నిలబడ్డాడు, వెనక సంఘమంతా నిలబడింది.

"ఏమమ్మా, మీ మనిషి చెప్పింది ఖరేనా?"

కాదంటే మొగుడు దేవుని మందిరంలో అబద్ధమాడినట్టు. అవునంటే లేని దెబ్బలు తిన్నట్టు. లీయా ఏసప్ప ముఖం చూసింది. అతను మెల్లగా తల ఊపాడు.

"అవు సార్," అంది. "ఇప్పుడు మారిండు."

శివానంద్ కళ్లు చెమర్చాయి. పాటలు బాగున్నాయని చెప్పి బండెక్కాడు. ఆఫీసుకు పోయి విన్నది విన్నట్టు రాశాడు. ఒక్క మాట కలపలేదు. నిజాయితీ గల అధికారి!

కోర్టులో ముందు నాగేశ్‌ది పిలిచారు. మంచి కుటుంబం, ఊళ్లో గౌరవం, ఆవేశంలో జరిగింది. బాండు రాయించుకుని వదిలేశారు. తర్వాత నథానియేల్‌ది. దొంగతనాలు, తాగుడు, భార్యను కొట్టడం. తన నోటితోనే ఒప్పుకున్నాడు, భార్య కూడా ఔనంది.

అంబిక లేచింది. "అయ్యా, అది మందిరంలో చెప్పే సాక్ష్యం. అక్కడ అందరూ అట్లాగే చెప్తారు. స్టేషన్‌లో ఇతని మీద పాత కేసు ఒక్కటి లేదు."

"దొరకలేదేమో," అన్నాడు జడ్జి. "పోనీ, దేవుని ముందు అబద్ధం చెప్పాడనే అనుకుందాం. అట్లాంటివాడు నాకు రాసిచ్చే బాండుకు విలువేముంది?"

ఆరు నెలలు.

చెప్పింది అబద్ధమైనా పాపిష్ఠివాడే, నిజమైనా పాపిష్ఠివాడే. పేదవాడికి తలుపు ఎటు తోసినా బయటినుంచి గడియ ఉంటుంది. జైలు లేని శిక్ష అని పుస్తకంలో రాసుకున్నారు గదా, అది సోఫా ఉన్న ఇంటికే దారి చూసుకుని పోతుంది.

పైకోర్టులో అప్పీలు చేయవచ్చు, అంతవరకు జామీను మీద బయటికి తేవచ్చు అంది అంబిక. కానీ జామీను నిలబడే మనిషికి తన పేరున పొలం ఉండాలట. వాడలో ఎవరికీ జానెడు లేదు, పొలాలున్నవాళ్లంతా నాగేశ్ చుట్టాలు. ఇక మిగిలింది ఒక్కటే. ఆ సాక్ష్యం అరువు తెచ్చిందని, చెప్పించింది తామేనని ఏసప్ప, జాషువా కోర్టుకు రాసివ్వాలి.

లీయా ఏసప్ప దగ్గరికి పోయింది. జాషువా కూడా అక్కడే ఉన్నాడు.

"నా సంఘంల దొంగ సాక్ష్యాలు చెప్తరని కోర్టుల రాసియ్యాల్నా?" అన్నాడు ఏసప్ప. "రేపు గీ మందిరాన్నే మూయిస్తరు. ప్రార్థన చేస్తం తియ్యమ్మా."

"నేను రాసిస్త లీయా, గా పాపాలు నావే," అన్నాడు జాషువా.

ఏసప్ప అతని వైపు తిరిగాడు. "రాసియ్యి. మోటార్లు పోయినోళ్లు ఇంక బతికే ఉన్నరు."

జాషువా చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు. మరుసటి రోజు లీయా అతని ఇంటికి పోతే, ఔరాద్ సంతకు పోయాడని చెప్పారు. అది సంత రోజు కాదు.

ఆదివారం వచ్చింది. వాక్యానికి ముందు ఏసప్ప అలవాటు ప్రకారం అడిగాడు. "ఎవరన్న సాక్ష్యం చెప్తరా?"

లీయా లేచింది.

"నా మొగడు దొంగ కాదు. తాగలే. నన్ను ఒక్క దెబ్బ కొట్టలే. అబద్ధమాడింది నేను, గీ గడప బయట నిలవడి. ఆడమని తల ఊపినోళ్లు ఈడనే ఉన్నరు."

ఎవరూ స్తోత్రం అనలేదు. జాషువా ముందు కుర్చీ వీపును చూస్తూ కూర్చున్నాడు.

"గిది సాక్ష్యం కాదమ్మా, కూసో," అని ఏసప్ప పాట ఎత్తుకున్నాడు. డప్పు మోగింది. సంఘమంతా చప్పట్లు కొడుతూ గొంతు కలిపింది. లీయా కూర్చోలేదు.

పాట అయిపోయింది. ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పింది.