వదినె కూర్చుంటేనే వాన

"డబ్బాలు ఎత్తండోయ్! వళ్ళి వస్తా ఉండాది!"

వీధి మొదట్నుంచి రాక్కమ్మాళ్ వేసిన కేక అది. ఆ గొంతు వినబడిందంటే తమిళనాట సాత్తూరు పక్కనున్న ఆ పల్లెలో ప్రతి గుమ్మం ముందూ ఒకటే పరుగు. ఎండలో ఆరబెట్టిన అగ్గిపెట్టెల డబ్బాలు, వడియాలు, మిరపకాయలు, ఏది చేతికందితే అది ఎత్తుకొని లోపలికి! జిగురు ఆరని డబ్బా మీద నాలుగు చుక్కలు పడితే విచ్చుకుపోదూ మరి?

వళ్ళి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, నడక మాత్రం బడి వదిలిన పిల్లది. బుద్ధి అయిదేళ్ల దగ్గరే ఆగిపోయింది. నెత్తికి మూరెడు ఎత్తున చేటంత మేఘం. పుట్టినప్పుడే వచ్చింది, అట్లే ఉంది. వళ్ళి మనసు కుదురుగా ఉంటే తుంపర, సంతోషమైతే జల్లు. బెదిరిందంటే మాత్రం మేఘం పిడికిలంత అయిపోతుంది, చుక్క రాలదు. ఎవరింట్లో తొట్టి ఎండినా "వళ్ళీ, ఇట్లా రామ్మా" అని పిలిచి చేతిలో బెల్లమ్ముక్క పెట్టడం ఆ వీధికి అలవాటే.

ఆమె చెయ్యి పట్టుకొని వస్తున్నది వదిన మీనాక్షియమ్మాళ్. ఇద్దరికీ ఉతికిన చీరలు, తలలో పూలు. ఈరోజు విరుదునగరు ప్రయాణం.

"మీనాక్షీ! గెలిచి రావాల తెలుసునా? ఉత్త చేతుల్తో వచ్చినావంటే నా వీధిలోకి రానీను!" అంది రాక్కమ్మాళ్.

"నీ వీధా? మీ తాత వేయించినాడా దీన్ని?"

"వేయించకపోతే ఏమి? అరిచి అరిచి కాపాడేది నేనే గదా!"

ప్రయాణం ఎందుకో చెప్పాలి. మీనాక్షియమ్మాళ్ మొగుడు ముత్తురామన్, వళ్ళికి సొంత అన్న. అతను పోయినప్పటినుంచీ ఈ ఇద్దరే ఇంట్లో. మీనాక్షి కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి చేసేచోట పని చేస్తుంది. వళ్ళిని వెంటబెట్టుకొనే పోతుంది. పాకం దగ్గరికి మేఘం వస్తే మిఠాయి మెత్తబడుతుందని వళ్ళిని పెరట్లో, గిన్నెలు తోమే తొట్టి పక్కన కూర్చోబెడతారు. తొట్టి దానంతటదే నిండుతూ ఉంటుంది, ఆమె పాటలు పాడుకుంటూ ఉంటుంది. హాయిగా సాగుతున్న బతుకు.

అంతలో ముత్తురామన్ పెదనాన్న కొడుకు జెయకుమార్ విరుదునగరు కలెక్టరాఫీసులో అర్జీ పెట్టాడు. వళ్ళికి చట్టప్రకారం సంరక్షకుడిగా తనను నియమించమని. "నేను రక్తసంబంధం, వదినె బయటినుంచి వచ్చిన మనిషి" అని. చెడ్డవాడేం కాదు సుమండీ! పుదూరు దగ్గర అతని మిరపచేను వాన లేక బీటలు తీసింది. మేఘమున్న చెల్లెలు ఉండగా నాకీ కరువేమిటి అనిపించింది. అది తెలిసి మీనాక్షి కూడా అర్జీ పెట్టింది. ఇద్దరిలో ఎవరో ఈరోజు కమిటీ తేలుస్తుంది. అతని పేరు ఖాయమైతే వళ్ళి ఈ రాత్రికే పుదూరు పోవాలి.

మీనాక్షి వారం రోజులుగా వళ్ళికి ఒకటే పాఠం. "ఆఫీసులో మన మాట రాకూడదమ్మా. అరవమే మాట్లాడాల. పెద్దోళ్ల ముందు ఇంటి మాట మాట్లాడితే మర్యాద కాదు." ఆ వైపు మన తెలుగువాళ్లందరికీ ఉన్న అలవాటే ఇది. గడప లోపల తెలుగు, చెప్పులు తొడిగితే తమిళం. అందుకని బస్సెక్కింది మొదలు మీనాక్షి ఒక్క తెలుగు మాట మాట్లాడలేదు. వళ్ళి ఆమె ముఖంలోకి చూసింది, ఈ మనిషి ఎవరా అన్నట్టు. మేఘం చేటనుంచి పళ్లెమంత అయింది.

ఆఫీసు వరండాలో పెరుగన్నం విప్పింది మీనాక్షి. వళ్ళి నోరు తెరవలేదు. వదిన పక్కన కూర్చొని తను కూడా ముద్ద నోట్లో పెట్టుకుంటేనే తినడం ఆమె పట్టు. ఇంట్లోనూ అంతే! వడ్డించే ఆడది అందరూ తిన్నాక గదా తినాలి, ఆ వంశంలో అదే రివాజు. మీనాక్షి ఏదో సాకుతో నిలబడే ఉంటుంది, వళ్ళి చీరకొంగు లాగుతూనే ఉంటుంది. ఇక్కడ మీనాక్షికి కంగారులో ముద్ద ఎక్కడ దిగుతుంది? పొట్లం మళ్లీ కట్టేసింది. మేఘం ఇంకా చిన్నదైంది.

"గొడుగులు బయట పెట్టండి. మేఘం రావచ్చు," అని బంట్రోతు లోపలికి పోయి ఫ్యాను ఆపేశాడు.

బల్ల వెనక కలెక్టరమ్మ, పక్కన చక్రాల కుర్చీలో ఇళవరసి అనే కమిటీ సభ్యురాలు. కలెక్టరమ్మ అర్జీ చదివింది. "గుర్తింపు చిహ్నాలు, ఎడమ చెంపన పుట్టుమచ్చ, నెత్తిన మేఘం. సరే. వళ్ళీ, నీకు ఎవరి దగ్గర ఉండాలని ఉందమ్మా?"

అంతా తమిళంలోనే. వళ్ళి నేలవైపు చూసింది.

అవతలి పక్క నిలబడ్డ జెయకుమార్ మెత్తగా పిలిచాడు, తమిళంలో. వళ్ళి కదల్లేదు. మీనాక్షి పిలిచింది, ఆమె కూడా తమిళంలోనే, మహా మర్యాదగా. వళ్ళి మరీ గోడవైపు జరిగింది. మేఘం పిడికిలంత అయింది.

"చూశారా అమ్మా? వదినె దగ్గర కూడా బెదురే," అన్నాడు జెయకుమార్.

మీనాక్షి వళ్ళి వైపు ఒక అడుగు వేసి ఆగింది. వారం రోజులు నేర్పిందంతా ఏమైంది? ఇళవరసి ఏదో రాసుకోబోయింది. అంతలో వళ్ళి ఆకలికేమో బల్లమీద గుండుసూదుల డబ్బా తీసి, గుప్పెడు సూదులు నోటిదాకా తెచ్చింది.

"ఏమ్మే వళ్ళీ!" మీనాక్షి కేకకి కిటికీ అద్దాలు అదిరాయి. "సూదులే అవి! కింద పెట్టు! పొద్దుట్నుంచీ ఒక్క మెతుకు ముట్టలా, ఆకలైతే నన్ను అడగొద్దా? నేను చచ్చినానా? ఇంటికి పోతానే సంకటి కెలుకుతా, కోడి పులుసు కాస్తా, దామ్మా నా తల్లి, దా!"

ఉత్త ఇంటి తెలుగు! మర్యాదా గిర్యాదా అన్నీ గాలికి పోయాయి.

వళ్ళి ముఖం విచ్చుకుంది. మేఘం ఉబ్బింది. పళ్లెం, చేట, జల్లెడ, గంప! ఆ పైన మీనాక్షి నెత్తిన కుండపోత. పూలు జారి భుజం మీద పడ్డాయి. బంట్రోతు ఫైళ్లు ఎత్తాడు, కలెక్టరమ్మ కాళ్లు పైకి పెట్టుకుంది, ఇళవరసి కుర్చీని కాస్త వెనక్కి తిప్పుకుంది.

వళ్ళి సూదులు ఒక్కొక్కటే వదిన అరచేతిలో పెట్టి ఏదో అడిగింది. మీనాక్షి ఏడుస్తూ ఆమెను దగ్గరికి లాక్కుంది.

"ఏమంటోంది?" అంది ఇళవరసి.

ఆ గదిలో ఆ మాట అర్థమయ్యే మనిషి ఇంకొకడే, జెయకుమార్. ఏం చెప్పినా చెల్లుతుంది. అడ్డు చెప్పేవాళ్లెవరు? అతను తడి నేలవైపు చూశాడు. బీటలు తీసిన చేను కళ్ల ముందు ఆడింది కాబోలు.

"నువ్వు కూడా కూర్చొని తింటావా అని అడుగుతోంది," అన్నాడు చివరికి. "వదినె కూర్చుంటేనే తను తింటుందంట."

కలెక్టరమ్మ తడి కాగితాన్ని దులిపింది. "ఇంకేం అడగాలి?" అని ఇళవరసి వైపు చూసింది. ఇళవరసి తలూపింది. "మీనాక్షియమ్మాళ్, సంరక్షకురాలు మీరే. ఆర్డరు ఇంటికి వస్తుంది. ఆరిన కాగితం మీద!"

బయటికొచ్చాక మీనాక్షి జెయకుమార్ భుజం తట్టింది. "ముఖం అట్లా పెట్టుకోకు నాయనా. మిరప నాటేటప్పుడు మేమిద్దరం వస్తాం నీ చేనికి. పొద్దుగూకే వేళకి ఇల్లు చేరాల, అంతే. ఇప్పుడు బస్సెక్కు. నువ్వూ పొద్దుట్నుంచీ తినలా, నాకు తెలీదా?"

"నన్ను రమ్మంటావా వదినె?"

"కోడిని పట్టేదెవరు మరి? నేనా?"

పొద్దు ఇంకా వాలకముందే పులుసు వాసన వీధంతా పాకింది. పిలవకుండానే రాక్కమ్మాళ్ వచ్చింది, వెనకే సగం వీధి. గుమ్మం ముందు చాపలు పరిచారు, ఆకులు వేశారు. ఎదర ఎండలో రాక్కమ్మాళ్ కొత్తగా అంటించిన డబ్బాలు వరసగా ఆరుతున్నాయి.

మీనాక్షి గరిటె పట్టుకొని నిలబడింది. వళ్ళి పక్కనున్న చాప మీద చేత్తో తట్టింది. మీనాక్షి "అందరూ కానీండి" అంది. వళ్ళి మళ్లీ తట్టింది. జెయకుమార్ లేచి గరిటె లాక్కున్నాడు.

"కూచో వదినె. ఆఫీసులో నేనే కదా చెప్పినా, నన్ను అబద్ధాలకోరును చేస్తావా?"

వళ్ళి అతన్నీ నిలబడనివ్వలేదు, పంచె పట్టి లాగింది. చివరికి సంకటి, పులుసు నడిమధ్య పెట్టేశారు, ఎవరిది వాళ్లే వడ్డించుకునేట్టు. మీనాక్షియమ్మాళ్ కూర్చుంది. అందరితో, అందరి మధ్యన, మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. వళ్ళి పకపకా నవ్వి తన ముద్ద అందుకుంది.

మేఘం అప్పుడు పరుచుకుంది చూడండి! ఇల్లంత, వీధంత, ఎన్నడూ లేనంత. మొదటి చుక్కలు టపటపా రాలాయి. రాక్కమ్మాళ్ తన డబ్బాల వైపు చూసి కేక వేయడానికి నోరు తెరిచింది. కూర్చొని తింటున్న మీనాక్షి వైపు ఒకసారి చూసింది. తెరిచిన నోట్లో పెద్ద సంకటి ముద్ద పెట్టుకొని, ఇంకొంచెం పులుసు వేసుకుంది.